ఎం42 వెనకాల ఏముంది? పెద్ద నక్షత్రాలు పుట్టే దట్టమైన మేఘాలను ఎలా చూస్తారు?

విభాగం: ఖగోళం, ఆకాశ పరిశీలన

కాలువగట్టు మాస్టారు · అంబాజీపేట దగ్గర · శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. కనుమ మర్నాడు మా బడి పిల్లలకు ఆరంగుళాల టెలిస్కోపులో మృగవ్యాధుడి (ఓరియన్) కత్తి దగ్గరున్న ఎం42 నీహారికను చూపించాను. తొమ్మిదిన్నరకల్లా పొగమంచు కమ్మేసింది గానీ అంతకుముందే అందరూ చూశారు. మధ్యలో దగ్గరదగ్గరగా ఉండే నాలుగు నక్షత్రాలను విడివిడిగా గుర్తుపట్టారు కూడా. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "ఇవి పుట్టేశాయి కదండీ, ఇంకా పుడుతున్నవి ఎక్కడున్నాయి?" అని అడిగింది.

పాఠ్యపుస్తకంలో ఉన్నది ఒక్క వాక్యం. వాయువు, ధూళి కలిసిన మేఘం తన బరువుకు తానే కుంగి నక్షత్రమవుతుంది అని. ఆ అమ్మాయికి అది చాలదు, నాకూ చాలదు. ముఖ్యంగా సూర్యుడికి ఎనిమిది రెట్లు, ముప్పై రెట్లు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రాలు ఎలాంటి మేఘంలో తయారవుతాయి? అంత దట్టమైన మేఘం లోపలికి ఎలా చూస్తారు? మన ఊళ్ల నుంచి ఇందులో చేయగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాయండి. కుదించవద్దు.

అణుమేఘం · సొంతూరు పాలకొల్లు · శుక్రవారం రాత్రి 11:48

మాస్టారూ, ఆ అమ్మాయి చూస్తున్న చోటే జవాబు ఉంది. కాకపోతే కొంచెం వెనకాల.

మనకు కనిపించే ఎం42 ఒక పెద్ద మేఘానికి ఇటువైపు ముఖం మాత్రమే. ఆ నాలుగింటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన తీటా1 సీ సూర్యుడికి ముప్పై రెట్లకు పైగా ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం. దాని అతినీలలోహిత కాంతి మేఘం ముఖాన్ని తొలుచుకుంటూ, అక్కడి వాయువును పది వేల డిగ్రీల దాకా వేడెక్కించి వెలిగిస్తోంది. మన టెలిస్కోపుల్లో కనిపించేది ఆ వెలుగే. దాని వెనక, ఇంచుమించు అదే 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, ఓఎంసీ-1 అనే చల్లని అణుమేఘం ఉంది. పుట్టుకలు ఇంకా జరుగుతున్నది అక్కడే.

1967లో ఎరిక్ బెక్లిన్, గెరీ న్యూగెబావర్ ఆ ప్రాంతాన్ని పరారుణ కాంతిలో గాలిస్తూ ఒక ప్రకాశవంతమైన బిందువును పట్టుకున్నారు. మామూలు ఫొటోల్లో దాని ఆనవాలే లేదు. ఇప్పుడు దాన్ని బీఎన్ అంటారు. అదే ఏడాది క్లైన్‌మన్, లో అనే ఇద్దరు దాని పక్కనే, ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాల్లో వెలిగే నీహారికను గుర్తించారు. ఆ గుంపులో సోర్స్ ఐ అనే మరో బరువైన పసి నక్షత్రం ఉంది. బీఎన్, సోర్స్ ఐ ఒకదాని నుంచి ఒకటి దూరంగా దూసుకుపోతున్నాయి. వాటి వేగాలను వెనక్కి లెక్కగడితే సుమారు 500 ఏళ్ల క్రితం రెండూ ఒకేచోట ఉండాలి. అప్పుడు జరిగిన కుదుపుకు వాయువు పాయలు పాయలుగా నలుదిక్కులకూ ఎగజిమ్మింది. ఆ పాయలను చిలీలోని ఆల్మా టెలిస్కోపు స్పష్టంగా చూపించింది. 2019లో సోర్స్ ఐ చుట్టూ తిరిగే వాయుచక్రంలో సోడియం క్లోరైడ్, అంటే మనం కూరలో వేసుకునే ఉప్పే, దొరికింది.

కంటికి వెలుగు కనిపించిందంటే అక్కడ పెద్ద పని అప్పటికే అయిపోయిందన్నమాట. పని జరుగుతున్న చోటు మామూలు కాంతికి చీకటి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

వశిష్ఠతీరం · నరసాపురం · శనివారం ఉదయం 6:15

బాగా చెప్పారు. చీకటి మాట వచ్చింది కాబట్టి నా వంతు చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక, గోదావరి లంకల్లో చెరువుల లైట్లు పడని చోటికి వెళితే అర్ధరాత్రి తర్వాత పాలపుంత నడి ఆకాశానికి వస్తుంది. గరుడ రాశి నుంచి వృశ్చికం దాకా దాన్ని నిలువునా చీల్చే నల్లటి పాయ కంటికే కనిపిస్తుంది. అది ఖాళీ కాదు, ధూళి మేఘం. ఎడ్వర్డ్ బర్నార్డ్ ఇలాంటి నల్లని మచ్చలను ఫొటోల్లో గుర్తించి 1919లో 182 మచ్చల జాబితా ప్రచురించాడు. పెద్ద నక్షత్రాలు పుట్టే మేఘాలంటే పిల్లలకు ముందు వీటినే చూపించాలని నా ఉద్దేశం. పరికరం అక్కర్లేదు.

అణుమేఘం · శనివారం ఉదయం 9:02

చూపించండి, తప్పకుండా. కానీ ఆ పాయ అంతటా పెద్ద నక్షత్రాలు పుడుతున్నాయని మాత్రం చెప్పవద్దు. దానిలో చాలా భాగం మనకు దగ్గరగా, కొన్ని వందల నుంచి వెయ్యిన్నర కాంతి సంవత్సరాల లోపున్న పలచటి మేఘాలు. వాటిలో చాలావాటిలో ఏమీ జరగడం లేదు, లేదా సూర్యుడి పాటి చిన్న నక్షత్రాలు తయారవుతున్నాయి. పైప్ నీహారిక కంటికి ఎంత నల్లగా కనిపించినా అందులో ఒక మూల తప్ప దాదాపు నిశ్శబ్దమే.

కంటికి నల్లగా కనిపించడానికి కొద్దిపాటి ధూళి చాలు. ఎనిమిది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరారుణ కాంతిని కూడా అడ్డగించాలంటే మేఘం ఎన్నో రెట్లు దట్టంగా ఉండాలి. 1990ల నడుమ ఐఎస్ఓ, ఎంఎస్ఎక్స్ అనే ఉపగ్రహాలు పాలపుంత తలాన్ని పరారుణంలో చూసినప్పుడు, వెనకనున్న వేడి ధూళి వెలుగు మీద అలాంటి నల్లని చారలు వందల కొద్దీ బయటపడ్డాయి. సంధ్యవేళ పడమటి వెలుగు ముందు గట్టు మీది కొబ్బరిచెట్లు నల్లగా తేలినట్టు అనుకోండి. వీటిని పరారుణ కృష్ణమేఘాలు అంటున్నాను. పెద్ద నక్షత్రాల పుట్టుకలో తొలి దశ వెతకాలంటే ఇప్పుడు ముందుగా చూసేది వీటివైపే.

వశిష్ఠతీరం · శనివారం ఉదయం 9:40

ఒక్క అభ్యంతరం. ఆ చీలికలోనే, సర్పరాశిలో డబ్ల్యూ40 అనే నక్షత్రాలు పుట్టే ప్రాంతం ఉంది కదా. అందులో ఓ, బీ తరగతుల బరువైన నక్షత్రాలున్నాయి. అయొనీకరణ చెందిన, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన, వాయువు కూడా ఉంది. దూరం 1,400 కాంతి సంవత్సరాల చిల్లర. అంటే ఎం42 అంత దగ్గర. ముందున్న ధూళి వల్ల కంటికి కనిపించదు, అంతే.

అణుమేఘం · శనివారం ఉదయం 10:11

ఒప్పుకుంటాను, మంచి ఉదాహరణ. డబ్ల్యూ40ను చూపిస్తూ "ఈ చీకటి వెనక ఇది ఉంది" అని చెబితే పిల్లలకు బలంగా నాటుకుంటుంది.

యానాం విద్యార్థి · ఇంటర్ రెండో ఏడాది · శనివారం మధ్యాహ్నం 1:30

నాకు ఒక సందేహం. మేఘంలో ఎక్కువ భాగం హైడ్రోజనే అంటారు. హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని ఇస్తుందని చదివాను. అలాంటప్పుడు దట్టమైన మేఘం ఆ తరంగంలో అన్నిటికన్నా ప్రకాశవంతంగా కనిపించాలి కదా? అక్కడ ఎందుకు వెతకరు?

కోరంగి మడ · కాకినాడ · శనివారం సాయంత్రం 5:05

తమ్ముడూ, ఆ 21 సెంటీమీటర్ల తరంగం విడి హైడ్రోజన్ పరమాణువుది. నేను మేడ మీద రేకుతో చేసిన హార్న్ యాంటెన్నా పెట్టి, కంప్యూటరుకు తగిలించే చిన్న ఎస్‌డీఆర్ రిసీవరుతో దాన్నే వింటాను. పాలపుంత నెత్తి మీదుగా దాటే వేళ గ్రాఫులో గుట్ట లేస్తుంది. దట్టమైన మేఘంలోకి వెళ్లేసరికి ధూళి రేణువుల మీద పరమాణువులు జతలు కట్టి హైడ్రోజన్ అణువులవుతాయి. ఆ అణువు నుంచి 21 సెంటీమీటర్ల సంకేతం రాదు. అంటే మేఘం ఎక్కడ గట్టిపడుతుందో సరిగ్గా అక్కడే నా యాంటెన్నా మూగబోతుంది.

అణుమేఘం · శనివారం రాత్రి 8:30

కోరంగి మడ గారు చెప్పినదానికి కొనసాగింపు. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులూ ఒకటే కాబట్టి విద్యుదావేశం ఒక పక్కకు ఒరగదు. అందువల్ల చల్లగా ఉన్నప్పుడు అది దాదాపు ఏ తరంగమూ వెలువరించదు. మేఘంలో అత్యధిక భాగమైన ఆ అణువుల లెక్క, వాటితో కలిసి ఉన్న చిటికెడు సాక్షులను అడిగి తెలుసుకోవాలి.

మొదటి సాక్షి కార్బన్ మోనాక్సైడ్. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అమెరికాలోని కిట్ పీక్ మీదున్న డిష్‌ను ఎం42 వైపు తిప్పి 2.6 మిల్లీమీటర్ల తరంగంలో దీన్ని పట్టారు. పాలపుంత అంతటా అణుమేఘాల పటం గీయడానికి ఈనాటికీ ఆధారం ఇదే. అయితే ఇది ఎంత ఎక్కువగా ఉంటుందంటే, మేఘం పైపొర దగ్గరే మన చూపు ఆగిపోతుంది. లోపలికి చూడాలంటే అరుదైన ఐసోటోపులున్న కార్బన్ మోనాక్సైడ్‌ను వెతకాలి. ఇంకా లోపల, 20 కెల్విన్ కన్నా చల్లబడ్డ చోట, ఈ అణువులు ధూళి మీద గడ్డకట్టి కనిపించకుండా పోతాయి. తీరా ముఖ్యమైన చోట సాక్షి మాయం.

అక్కడ అమ్మోనియా, డయజినైలియం అనే నైట్రోజన్ అయాన్ ఆదుకుంటాయి. అమ్మోనియాను 1968లో చార్లెస్ టౌన్స్ బృందం పాలపుంత కేంద్రం దిక్కున ధనస్సు బీ2 మేఘంలో 1.3 సెంటీమీటర్ల తరంగంలో కనుగొంది. నక్షత్రాల నడుమ దొరికిన తొలి బహుపరమాణుక అణువు అదే. దాని రెండు రేఖల, అంటే అది వెలువరించే రెండు నిర్దిష్ట తరంగాల, బలాన్ని పోల్చితే వాయువు ఉష్ణోగ్రత తెలుస్తుంది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. వేల కాంతి సంవత్సరాల అవతలి చీకట్లో పెట్టుకున్న థర్మామీటరు అది. సాధారణంగా 10 నుంచి 20 కెల్విన్, అంటే సున్నాకు దిగువన 250 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లన.

మూడో సాక్షి ధూళి. ద్రవ్యరాశిలో నూటికి ఒక వంతే. అయినా పొడవైన తరంగాల్లో అదే నేరుగా వెలుగుతుంది. 2009లో వెళ్లిన హెర్షెల్ ఉపగ్రహం 2013లో దాని హీలియం అయిపోయేదాకా ఈ వెలుగునే పటాలుగా తీసింది. చిలీలో 12 మీటర్ల అపెక్స్ డిష్ 870 మైక్రాన్ల దగ్గర పాలపుంత తలంలో పెద్ద భాగాన్ని గాలించింది. ఆ సర్వే పేరు అట్లాస్‌గాల్.

దిండి రేవు · రాజోలు · శనివారం రాత్రి 10:50

నేను విశ్రాంత సాంకేతిక ఉద్యోగిని. ఉపగ్రహాలు, చిలీ పర్వతాలు అన్నీ సరే, ఇదే పని మన హైదరాబాదు నుంచి జరిగిందని పిల్లలకు చెప్పకపోతే అన్యాయం.

దూర పరారుణ కాంతి భూమి మీదికి రాదు, గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. అందుకని టాటా పరిశోధన సంస్థ వారు, అంటే టీఐఎఫ్ఆర్, 100 సెంటీమీటర్ల అద్దమున్న టెలిస్కోపును పెద్ద బెలూనుకు కట్టి హైదరాబాదు బెలూన్ కేంద్రం నుంచి రాత్రిళ్లు ఎగరేశారు. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరితే ఆవిరి అంతా కిందే ఉండిపోతుంది. ద్రవ హీలియంతో పరమ శీతలంగా ఉంచిన బొలోమీటర్లు (పడిన కాంతి వేడిని కొలిచే పరికరాలు) 120 నుంచి 240 మైక్రాన్ల మధ్య రెండు పట్టీల్లో ధూళి వెలుగును కొలిచేవి. పెద్ద నక్షత్రాలు పుట్టే ప్రాంతాలే వాటి ప్రధాన లక్ష్యం. తరవాతి కాలంలో జపాన్ వారి వర్ణమాపకం అమర్చి 158 మైక్రాన్ల దగ్గర అయొనీకరణ చెందిన కార్బన్ రేఖను కూడా కొలిచారు.

ఒక రాత్రి ఎగరవేత దగ్గరి నుంచి చూశాను. హైడ్రోజన్ నింపుతుంటే ఆ పలచటి పాలిథీన్ తొడుగు నిలువునా లేస్తుంది. కింద నుంచి చూస్తే బెలూనులో పైభాగం మాత్రమే ఉబ్బి, మిగతాదంతా ముడతలుగా వేలాడుతుంటుంది. పైకి పోయిన కొద్దీ, చుట్టూ గాలి పలచబడిన కొద్దీ, అది తనంత తాను నిండుతుంది. మైదానంలో ఎవరూ మాట్లాడరు. టెలిస్కోపును మోసే గొండోలా నేల విడిచిన క్షణం నుంచి చెవులన్నీ టెలిమెట్రీ గదివైపే. పని పూర్తయ్యాక సంకేతం పంపి తాడు తెంచితే టెలిస్కోపు పారాచూటుతో ఎక్కడో పొలంలో దిగుతుంది. మనవాళ్లు వెళ్లి దాన్ని వెతికి తెచ్చి, అద్దం సరిచేసి, మళ్లీ ఎగరేసేవారు. ఉపగ్రహంతో అది కుదరదు.

పుణె దగ్గర నారాయణ్‌గావ్ సమీపాన ఉన్న జీఎంఆర్‌టీని కూడా మరవకండి. ఒక్కొక్కటి 45 మీటర్లున్న 30 డిష్‌లు. చల్లని మేఘాన్ని కాదు గానీ, దాని లోపల పెద్ద నక్షత్రం మండటం మొదలుపెట్టి చుట్టూ అయొనీకరించిన వాయువును అది బాగా చూపిస్తుంది. బెలూను చూసిన ధూళి పటం మీద జీఎంఆర్‌టీ పటం పరిచి చదివిన పరిశోధన పత్రాలు ఉన్నాయి.

కాలువగట్టు మాస్టారు · ఆదివారం ఉదయం 7:10

దిండి రేవు గారూ, ఇది నాకు పండగే. బెలూన్ సంగతి సోమవారమే తరగతిలో చెబుతాను.

నీటి ఆవిరి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మన డెల్టాలో ఆ ఆవిరి ఎంత ఎక్కువ?

కోరంగి మడ · ఆదివారం ఉదయం 8:25

మాస్టారూ, వర్షాకాలంలో మన తీరం మీద గాలిలో ఉన్న ఆవిరినంతా నీరుగా కుదిస్తే 50 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆల్మా, అపెక్స్ ఉన్న చాహ్నంతోర్ పీఠభూమి 5,000 మీటర్ల ఎత్తున ఉంది. మంచి రాత్రుల్లో అక్కడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందువల్ల 870 మైక్రాన్లు మన ఊళ్లో అసాధ్యం. సెంటీమీటరు తరంగాలకైతే మబ్బు, ముసురు పెద్ద అడ్డంకి కాదు.

ఇక నా ఆశ ఒకటి చెబుతాను. మిథనాల్ మేజర్లు. పెద్ద నక్షత్రం పుడుతున్న చోట దాని పరారుణ వెలుగు మిథనాల్ అణువులను రెచ్చగొట్టి, ఒక సన్నని రేడియో రేఖను విపరీతంగా బలపరుస్తుంది. 6.7 గిగాహెర్ట్జ్ రేఖను కార్ల్ మెంటెన్ 1991లో ప్రకటించాడు. ఇది బరువైన పసి నక్షత్రాల దగ్గర తప్ప మరెక్కడా కనిపించదు. దాని తోబుట్టువు 12.178 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అంటే మన ఇళ్ల మీది డీటీహెచ్ డిష్‌ల ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సంకేతం పట్టే భాగం) పనిచేసే పట్టీలోనే! ఆ రేఖలో బాగా బలమైన వాటిలో డబ్ల్యూ3 ఓహెచ్ ఒకటి. శర్మిష్ఠ రాశిలో ఉంది, మనకు ఉత్తరాన 45 డిగ్రీల దాకా లేస్తుంది. మూడు మీటర్ల పాత కేబుల్ డిష్ దొరికితే ప్రయత్నించాలని ఉంది.

అణుమేఘం · ఆదివారం ఉదయం 11:00

ప్రయత్నించండి. కానీ రెండు జాగ్రత్తలు. ఎల్‌ఎన్‌బీ లోపలి ఆసిలేటరు ఉష్ణోగ్రతతో పాటు జారుతుంది. మేజర్ రేఖ వెడల్పు కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌లే, కాబట్టి ఫ్రీక్వెన్సీని స్థిరంగా కట్టేయకపోతే గంటలకొద్దీ కూడిన సంకేతం అలుక్కుపోతుంది. రెండోది, ఉపగ్రహ టీవీ ప్రసారాలు. వాటి బలం ముందు మేజర్ ఎంతమాత్రం నిలవదు. డబ్ల్యూ3 ఉత్తరంగా ఉండటం, ఆ ఉపగ్రహాలు మనకు దక్షిణాన ఉండటం మీకు అనుకూలం.

మాస్టారికి మాత్రం ఇంకా తేలికైన దారి ఉంది. సర్వే చిత్రాలన్నీ ఉచితం. బ్రౌజరులో అలాదిన్ లైట్ అనే ఆకాశ పటం తెరిచి గాలక్టిక్ నిర్దేశాంకాలు 11.11, మైనస్ 0.12 ఇవ్వండి. ధనస్సు రాశిలో సర్పం అని పిలిచే మేఘం వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా పొరలు మార్చి చూడండి. ఏం కనిపించిందో రాయండి.

కాలువగట్టు మాస్టారు · ఆదివారం రాత్రి 9:35

చూశాను. ఇద్దరు పిల్లలు పక్కనే కూర్చున్నారు.

మామూలు కాంతి పొరలో అక్కడ పాము లేదు. నక్షత్రాలు, చిందరవందరగా పలచటి నలుపు, అంతే. స్పిట్జర్ అనే పరారుణ ఉపగ్రహం తీసిన ఎనిమిది మైక్రాన్ల పొరకు మార్చగానే వెలుగు నిండిన తెర మీద మెలికలు తిరిగిన నల్లటి చార. తల దగ్గర వంపు, నడుమ సన్నబడి మళ్లీ లావవుతోంది. ఒకటి రెండు చోట్ల చార నడుమ చిన్న వెలుగు చుక్కలున్నాయి. తరవాత అట్లాస్‌గాల్ పొర వేశాం. అదే మెలికలు, అదే వంపు, కానీ ఇప్పుడు ఆ చారే వెలుగుతోంది, చుట్టూ చీకటి. పిల్లలు పొరలు అటూ ఇటూ ఎన్నిసార్లు మార్చారో. పొడవుగా ఉన్న వెలుగు మీద ముడులు వేసినట్టు కొన్ని చోట్ల కాంతి గుమిగూడి ఉంది. ఆ ముడులేనా నక్షత్రాలయ్యేవి?

అణుమేఘం · ఆదివారం రాత్రి 11:15

అవునండీ, ఆ ముడులే. సర్పం మనకు పది వేల కాంతి సంవత్సరాల ప్రాంతంలో ఉంది, పొడవు సుమారు వంద కాంతి సంవత్సరాలు. ఒక ముడిలో మిథనాల్ మేజర్ కూడా దొరికింది. అంటే బరువైన పసి నక్షత్రం ఒకటి లోపల అప్పటికే మేల్కొంది. కోరంగి మడ గారి సాక్షి, మీరు చూసిన చార ఒకేచోట కలుస్తున్నాయి.

రెండు పొరలూ చూడమన్నది ఊరికే కాదు. ఎనిమిది మైక్రాన్లలో నల్లగా ఉన్నంత మాత్రాన మేఘమని తేల్చలేం. వెనక వెలుగే అక్కడ తక్కువ కావచ్చు. స్పిట్జర్ చిత్రాల నుంచి 2009లో వచ్చిన జాబితాలో 11,000 పైచిలుకు నల్ల మచ్చలున్నాయి. వాటిలో కొన్ని హెర్షెల్ చిత్రాల్లో వెలగలేదు. నిజమైన మేఘమైతే మధ్య పరారుణంలో నలుపు, దూర పరారుణంలో వెలుగు, రెండూ ఉండాలి.

ఒక కష్టం కూడా చెప్పాలి. అపెక్స్‌కు ఆకాశంలో 19 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) కన్నా చిన్న వివరం అందదు. ఆ దూరంలో అది దాదాపు ఒక కాంతి సంవత్సరం. మీరు చూసిన ఒక్కో ముడిలో ఎన్ని నక్షత్రాల గుంపు ఉందో ఆ చిత్రం చెప్పలేదు. అందుకు 66 డిష్‌లను 16 కిలోమీటర్ల దాకా పరిచి ఒక్కటిగా వాడే ఆల్మా కావాలి.

యానాం విద్యార్థి · సోమవారం సాయంత్రం 6:20

ముడి బరువు ఎలా తెలుస్తుంది? తూచలేం కదా.

అణుమేఘం · సోమవారం రాత్రి 9:10

నీ స్థాయికి సరిపడా లెక్క ఇస్తాను. 870 మైక్రాన్ల దగ్గర ధూళి పలచగానే ఉంటుంది. అంటే ఎంత ధూళి ఉంటే అంత వెలుగు, ముందుది వెనకదాన్ని దాచదు. అందిన వెలుగును దూరం వర్గంతో గుణించి, ధూళి గ్రాముకు వెలిగే స్వభావంతోనూ, ఆ ఉష్ణోగ్రత దగ్గర ప్లాంక్ సూత్రం ఇచ్చే విలువతోనూ భాగిస్తే ధూళి ద్రవ్యరాశి. దాన్ని వందతో గుణిస్తే వాయువుది.

ప్రమాదం ఉష్ణోగ్రతలో ఉంది. ప్లాంక్ సూత్రంలో 10, 20 కెల్విన్ రెండూ వేసి నువ్వే చూడు. ఆ తరంగంలో వెలుగు మూడింతలకు పైగా తేడా వస్తుంది. అంటే 20 అనుకుని 100 సూర్యుల బరువని రాసిన ముడి నిజానికి 10 కెల్విన్‌లో ఉంటే, దాని బరువు 300 దాటుతుంది! అమ్మోనియా థర్మామీటరు అంటే నాకు ప్రాణమని అందుకే అన్నాను. దూరం కూడా అంతే, వర్గంలో వస్తుంది కాబట్టి పది శాతం తప్పితే బరువు ఇరవై శాతం తప్పుతుంది. ఇప్పుడు మేజర్లనే గుర్తులుగా పెట్టుకుని, భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు వాటి స్థానంలో కనిపించే సూక్ష్మమైన జరుగుబాటు నుంచి దూరాలు కొలుస్తున్నారు. ఎం42 దూరం కూడా రేడియోలో అలాగే తేలింది.

వశిష్ఠతీరం · సోమవారం రాత్రి 10:02

ముడి బరువు తెలిసిందనుకుందాం. 300 సూర్యుల వాయువు ఉంటే అందులోంచి 30 సూర్యుల నక్షత్రం ఖాయమేనా?

అణుమేఘం · సోమవారం రాత్రి 11:30

ఖాయం కాదు. ఈ రంగంలో వేడి చర్చ అంతా ఇక్కడే.

ఘన సెంటీమీటరుకు లక్ష అణువులున్న, 10 కెల్విన్ మేఘాన్ని తీసుకోండి. తన బరువుకు అది కుంగడానికి పట్టే కాలం సుమారు లక్ష సంవత్సరాలు. జీన్స్ సూత్రం ప్రకారం అలాంటి వాయువు సూర్యుడి ద్రవ్యరాశి ప్రాంతంలోని ముక్కలుగా విడిపోవాలి. ముప్పై రెట్ల నక్షత్రం ఎలా వస్తుంది? ఒక వాదం ప్రకారం, మేఘంలోని అల్లకల్లోల చలనాలు, అయస్కాంత క్షేత్రం ముక్కలు కాకుండా పట్టి ఉంచి, బరువైన గుండెకాయ, అంటే దట్టమైన నడిముద్ద, ఒకటి ముందే సిద్ధమవుతుంది. 2003లో మెకీ, టాన్ దీన్ని గట్టిగా ప్రతిపాదించారు. రెండో వాదం ప్రకారం, ముందు చిన్న బీజాలే పుడతాయి. గుంపు నడుమ కూర్చున్నవి చుట్టుపక్కల నుంచి జారివచ్చే వాయువును ఎక్కువగా పట్టుకుని పెరుగుతాయి.

నా మొగ్గు రెండోదాని వైపు. 2013లో ఆల్మా ఎస్‌డీసీ335 అనే మేఘాన్ని చూసినప్పుడు, పాయలు పాయలుగా వాయువు కేంద్రానికి ప్రవహిస్తోంది. అక్కడ 500 సూర్యులకు పైగా బరువున్న ముద్ద తయారవుతోంది. నక్షత్రం ఇంకా లేని, నిజంగా బరువైన, ముక్కలు కాని గుండెకాయలను ఆల్మాతో ఎంత వెతికినా దొరికినవి బహు కొద్ది. దగ్గరికి పోయి చూస్తే చాలావరకు ముక్కలైపోతున్నాయి, లేదా లోపల అప్పటికే ఒక నక్షత్రం కూర్చుని ఉంటోంది.

దట్టంగా ఉంటే చాలదన్నదానికి పాలపుంత కేంద్రం దగ్గరి ఇటుక మేఘం పెద్ద సాక్ష్యం. దాదాపు లక్ష సూర్యుల బరువు. పుట్టుకలు మాత్రం నామమాత్రం. ఎందుకో ఇప్పటికీ వాదిస్తున్నారు.

దిండి రేవు · మంగళవారం ఉదయం 5:45

వెలుగు ఒత్తిడి సంగతి కూడా చెప్పండి. బరువైన నక్షత్రం ఇంకా వాయువు పట్టుకుంటూ ఉండగానే మండటం మొదలెడుతుంది కదా. దాని వెలుగే వచ్చే వాయువును తోసేయాలి.

అణుమేఘం · మంగళవారం ఉదయం 8:00

అవునండీ. చిన్న నక్షత్రం ముందు పేరుకుని తర్వాత నిదానంగా రాజుకుంటుంది. బరువైనదానికి అంత తీరిక లేదు. పేరుకునే పని పూర్తి కాకముందే లోపల హైడ్రోజన్ రాజుకుంటుంది. వాయువు అన్ని వైపుల నుంచి సమానంగా పడితే వెలుగు ఒత్తిడి దాన్ని ఆపేస్తుంది. చక్రంగా తిరుగుతూ నడుము వైపు నుంచి చేరితే వెలుగు పైనుంచి, కింద నుంచి తప్పించుకుపోతుంది. అందుకే అలాంటి చక్రాలను వెతకడం ఇంత ముఖ్యం. సోర్స్ ఐ చుట్టూ ఉన్న ఉప్పు అందుకు పనికొచ్చింది. ఆ రేఖలు చక్రం నుంచి మాత్రమే వస్తాయి కాబట్టి, అది తిరిగే వేగం నుంచి నక్షత్రం బరువు తేలింది. సుమారు 15 సూర్యులు.

కాలువగట్టు మాస్టారు · మంగళవారం రాత్రి 9:20

పదో తరగతి పిల్లలతో ఒక పని మొదలుపెడుతున్నాను. ఎనిమిది మైక్రాన్లలో నల్లని మచ్చలు కొన్ని ఎంచి, ప్రతిదాన్నీ దూర పరారుణ పొరలో సరిచూసి, మేఘమా, వట్టి ఖాళీయా అని పట్టిక రాస్తారు. సర్పంతో మొదలుపెట్టి పాలపుంత తలం వెంట 20 డిగ్రీల రేఖాంశం దాకా వెళ్దామనుకుంటున్నాం. అణుమేఘం గారూ, పట్టికలో ఇంకేమి రాయించమంటారు?

అణుమేఘం · మంగళవారం రాత్రి 10:40

మూడు సంగతులు రాయించండి. మచ్చ లోపల 24 మైక్రాన్ల దగ్గర వెలుగు చుక్క ఉందా లేదా. ఉంటే పసి నక్షత్రం మేల్కొన్నట్టు, లేకపోతే ఇంకా ముందు దశ అయ్యే అవకాశం ఉంది. అట్లాస్‌గాల్ వెలుగు మచ్చ ఆకారాన్నే అనుసరిస్తోందా. మూడోది, పక్కన ఎం17 లాంటి వెలిగే నీహారిక ఏదైనా ఉందా. ఎం17 చుట్టూ అచ్చంగా ఇలాంటి చీకటి మేఘాలున్నాయి. ఒకే ప్రాంతంలో పుట్టేసినవీ, పుట్టబోయేవీ పక్కపక్కనే దొరుకుతాయి.

బరువు లెక్క మాత్రం 10, 15, 20 కెల్విన్ మూడింటికీ వేయించండి. ఒక్క అంకె రాసి వదిలేయనివ్వకండి.

వశిష్ఠతీరం · బుధవారం ఉదయం 6:30

మాస్టారూ, ఎం17 ఫిబ్రవరిలో తెల్లవారుజామున తూర్పున లేస్తుంది, బైనాక్యులర్లకు అందుతుంది. తెరమీద పని జరిగే రోజుల్లోనే ఒక పూట పిల్లలను ఏటిగట్టుకు తీసుకురండి, మావైపు తూర్పు దిక్కు ఖాళీ. మంచుకు అద్దాలు తడిసిపోతాయి. నా దగ్గర హీటరు పట్టీలు రెండున్నాయి, తెస్తాను. నక్షత్రాలు పుట్టే మరో ప్రాంతం డబ్ల్యూ51 కూడా పట్టికలో చేర్చండి. అది మన నెత్తికి రెండు డిగ్రీల దూరంలోంచే దాటుతుంది.